అప్ప ఎదురు రాకూడదని

మా అపార్టుమెంటు మెట్ల కింద ఒక కుక్క ఉంటుంది. బిలాస్‌పూర్ శివారు మోప్కాలో పొలాలు పోయి ఇళ్ళు లేస్తున్నాయి గనుక మనుషులతో పాటు కుక్కలు కూడా ఎక్కడెక్కడినుంచో వచ్చి చేరాయి గానీ, ఇది మాత్రం ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగింది, ఎవరినీ పల్లెత్తు మాట అనని జంతువు. అలాంటిది, గొడుగు పట్టుకున్న మనిషి కంటబడితే చాలు, ఒళ్ళంతా వణికిపోతూ ప్రాణం మీదికి వచ్చినట్టు మొరుగుతుంది. మొన్న వానలో నేనే గొడుగు వేసుకుని కూరలకు బయల్దేరితే, రోజూ నా చేతి రొట్టె తినే కుక్క నా మీదే మొరిగింది. చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండిపోయింది.

మా కూతురి కూతురు కాలేజీలో మనస్తత్వశాస్త్రం చదువుతోంది. తెలుగు బాగానే మాట్లాడుతుంది గానీ, చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది. అది నవ్వి, "అమ్మమ్మా, దాన్ని ఎవరో గొడుగుతో కొట్టారు, బస్. అప్పట్నించి దానికి ప్రతీ గొడుగూ వాడిదే" అంది. ఆ తర్వాత సగం హిందీలోనూ సగం తెలుగులోనూ అది చెప్పిన సారాంశం ఏమిటంటే, లక్షల ఏళ్ళ కిందట అడవిలో బతికిన జీవులకు తీరిగ్గా ఆలోచించే వ్యవధి ఉండేది కాదట. రెండు సంగతులు వెంటవెంటనే జరిగితే మొదటిదే రెండోదానికి కారణమనుకుని పరుగెత్తినవి బతికాయట, నిజమో కాదో చూద్దామని నిలబడ్డవాటిలో చాలా పోయాయట, ఆ పరుగెత్తినవాటి సంతానమే మనమంతా అట. ఉత్తపుణ్యానికి భయపడితే పోయేదేమీ లేదు, నాలుగు మొరుగులు. భయపడవలసిన చోట భయపడకపోతే మాత్రం ప్రాణమే పోతుంది. అందుకని మనసు ఎప్పుడూ భయం వైపే మొగ్గుతుందని చెప్పి, తన సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది.

దానికి అది పాఠం, పరీక్షలో రాసుకుంటుంది. నేను మాత్రం కూరల సంగతి మరిచిపోయి ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. కుక్క మొరిగితే గొడుగుకు నొప్పి పుట్టదు. మనిషి భయపడితే అవతల ఉండేది గొడుగు కాదు, ఇంకో మనిషి. ఆ సంగతి ఆ పిల్ల పుస్తకంలో ఉందో లేదో నేను అడగలేదు, అడిగితే ఎందుకు అడుగుతున్నానో చెప్పవలసి వస్తుంది. దానితో చెప్పుకోలేనిది మీతో చెప్పుకుంటున్నాను. మీరైతే నా ఈడువాళ్ళు, ఇలాంటి శకునాల మధ్య పెరిగినవాళ్ళు, విన్నాక నన్ను తిట్టుకున్నా ఎందుకు తిడుతున్నారో మీకు తెలుస్తుంది.

నేను పెళ్ళై బిలాస్‌పూర్ వచ్చింది ఎనభైల మొదట్లో. మాది శ్రీకాకుళం వైపు ఒక చిన్న ఊరు. మావారు రైలింజను మీద అసిస్టెంటుగా చేరి, నేను కాపురానికి వచ్చిన కొన్నేళ్ళకు గూడ్సు బళ్ళ డ్రైవరయ్యారు. లోకో షెడ్డుకు దగ్గర్లో మా క్వార్టరు. ఎదురెదురుగా రెండు వరసలు, మధ్యన సందు, సందు మొదట్లో అందరికీ కలిపి ఒక కుళాయి. ఆ రెండు వరసల్లోనూ ఎక్కువమంది మనవైపువాళ్ళే కావడం వల్ల అత్తా, పిన్నీ, అప్పా అని వరసలు కలుపుకుని, ఒకరింట్లో చేపల పులుసు కాగితే నాలుగిళ్ళకు గిన్నెలు నడిచేవి గనుక, పుట్టింటి బెంగ నాకు రెండు నెలల కంటే ఎక్కువ నిలవలేదు.

డ్రైవరు డ్యూటీకి బయల్దేరేటప్పుడు పాటించవలసిన పద్ధతులన్నీ మా అత్తగారు నాకు మొదటి వారంలోనే నూరిపోశారు. ఎక్కడికని అడగకూడదు, ఎప్పుడొస్తావని అడగకూడదు, డ్యూటీ పెట్టె గడప మీద ఆనించకూడదు, ఎవరైనా తుమ్మితే కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి లేవాలి. అన్నిటికంటే ముఖ్యం, మనిషి గడప దాటేసరికి ఎదురుగా ముత్తైదువ రావాలి. అందుకని పెళ్ళాం ముందుగానే కుళాయి దగ్గరికి వెళ్ళి, బిందె నింపుకుని, ఏదో మామూలుగా నీళ్ళు తెచ్చుకుంటున్నట్టు ఎదురు రావాలి. జ్వరం కాస్తున్నా, నెలలు నిండి కడుపు మోకాళ్ళకు తగులుతున్నా, నేను పద్దెనిమిదేళ్ళు అలా నిండు బిందెతో మావారికి ఎదురొచ్చాను. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు, నవ్వనివ్వండి. ఇంట్లో ఫోన్లు లేని రోజులు, బండెక్కిన మనిషి మళ్ళీ తలుపు తట్టేదాకా ఏమయ్యాడో తెలియని బతుకులు, చేతిలో ఇంకేమీ లేని ఆడవాళ్ళకు ఒక బిందె అయినా ఉండాలి కదా అనిపించేది.

ఇక్కడ మా అత్తగారి మహిమ గురించి కొంచెం చెప్పాలి. మావారు ఏ వేళకు ఇల్లు చేరతారో షెడ్డులోవాళ్ళకే సరిగ్గా తెలిసేది కాదు, ఆవిడకు మాత్రం తెలిసేది. మధ్యాహ్నం పూట చాటలో బియ్యం ఏరుతున్నావిడల్లా చెయ్యి ఆపి "ఎసరు పెట్టీయే, వొచ్చీస్తన్నాడు" అనేవారు, నేను పొయ్యి ముట్టించేలోగా మనిషి గుమ్మంలో ఉండేవాడు. ఎలా తెలిసిందంటే మనసు చెప్పిందనేవారు. మూడు నాలుగేళ్ళకు నాకూ అలా తెలియడం మొదలైంది, నాకూ ఏదో శక్తి వచ్చిందని లోలోపల మురిసిపోయాను కూడా. ఆ తర్వాత చాలా కాలానికి మావారు కొత్త సైకిలు కొన్నారు; కొన్న రోజునుంచి అత్తాకోడళ్ళిద్దరి మహిమా ఒకేసారి మాయమైపోయింది! పాత సైకిలు మడ్‌గార్డు వదులై, సందు మలుపులో గతుకు ఎక్కినప్పుడు టకటకలాడేది. ఆ చప్పుడు మా చెవులు వినేవి, విని మాకు చెప్పకుండా ఊరుకునేవి. మనసు చెప్పిందనుకున్నదంతా ఆ మడ్‌గార్డు చెప్పినదే. కానీ అది తెలిసేసరికి, మనసు చెప్పిందంటే తిరుగులేదన్న నమ్మకం నాలో వేళ్ళూనుకుని, చేయవలసిన పాడుపని కూడా చేసేసింది.

మా పక్క క్వార్టరులో అప్ప ఉండేది. మావైపు అక్కను అప్ప అంటాం. తోడబుట్టినది కాదు, మా ఊరికి రెండూళ్ళ అవతలి మనిషి, నాకంటే ఆరేళ్ళు పెద్ద. బజారులో బేరమాడేంత హిందీ నాకు ఆమే నేర్పింది, మా అమ్మాయి పుట్టినప్పుడు ఆస్పత్రిలో నా చెయ్యి వదలకుండా కూర్చున్నదీ ఆమే. మావారు బయల్దేరి వెళ్ళిన అలికిడి కాగానే గోడ అవతలినుంచి "ఏటే, ఎల్లిపోనాడా? అయితే రా, టీ పెట్టీసేను" అని కేక వేసేది. వాళ్ళాయన కూడా ఇంజను మీదే అసిస్టెంటు. ఆయనకు కామెర్లు వచ్చి, మూడు వారాలు మంచాన పడి, పోయాడు. అప్పటికి అప్పకు ముప్పై రెండో ముప్పై మూడో, ఏడేళ్ళ కూతురు.

భర్త పోయినవాళ్ళకు ఇచ్చే ఉద్యోగం అప్పకు షెడ్డు ఆఫీసులోనే ఇచ్చారు, ఫైళ్ళు మోయడం, మంచినీళ్ళు అందించడం. పొద్దున్న ఎనిమిదికల్లా హాజరు పడాలి; ఉద్యోగం పక్కా అయ్యేదాకా ఆలస్యంగా రావద్దని, వస్తే పక్కా చేయరని అక్కడి పెద్ద గుమాస్తా ఆమెకు ముందే గట్టిగా చెప్పాడు. ఆ ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది, క్వార్టరు పోతే తల్లీకూతుళ్ళకు నిలవనీడ లేదు. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేకుండా, ఆమె నాకు అన్నీ చెప్పుకునేది.

ఒకరోజు గతౌరా స్టేషను దాటాక మావారి బండి నడుమ, పెట్టెకూ పెట్టెకూ కలిపే కప్లింగు తెగింది. ఆ కుదుపుకు ఆయన నుదురు ఇంజను గోడకు కొట్టుకుని చీలింది, అయిదు కుట్లు పడ్డాయి. కట్టుతో ఇంటికి వచ్చిన కొడుకును చూసి మా అత్తగారు ఏడవలేదు, నావైపు తిరిగి "పొద్దుట ఎదురెవులొచ్చేరే?" అని అడిగారు. నేను బిందెతో వచ్చాను, నిజమే. కానీ నాకంటే ముందు, తలుపుకు తాళం వేసుకుని, టిఫిను డబ్బాతో గబగబా సందు దాటిపోయింది అప్ప. "అప్ప" అన్నాను. ఎవరూ నా గొంతు మీద కాలు వేసి అనిపించలేదు, నా అంతట నేనే అన్నాను, అంటున్నప్పుడు మనసు చెబుతోందనే అనుకున్నాను.

నెల తిరక్కుండా ఇంజను కింద గేదె పడి మావారు రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ పొద్దున్న కూడా అప్పే ఎదురొచ్చిందని నాకు గుర్తుంది, లేదా గుర్తున్నట్టు నన్ను నేనే ఒప్పించుకున్నాను. ఆమె ఎదురొచ్చీ మావారు క్షేమంగా తిరిగొచ్చిన రోజులు, దారిలో ఎక్కడో కొన్న జామకాయలు తువ్వాలులో మూటకట్టుకుని నవ్వుతూ వచ్చిన రోజులు, ఎన్ని ఉన్నాయో! అవేవీ నా కంటికి ఆనలేదు. కుట్లు పడిన రోజూ, గేదె పడిన రోజూ మాత్రం కళ్ళ ముందు కట్టినట్టు నిలబడ్డాయి.

ముఖాన చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేదు, ఆమె అంటే అందరికీ ప్రేమే మరి! అందుకని నేనొక ఉపాయం కనిపెట్టాను. అవును, నేనే. కుళాయి దగ్గర ఉన్న ఆడమనిషి, అప్ప తలుపు తీయడం చూడగానే, చేతిలో చెంబుతో ఇనప గొట్టం మీద రెండు దెబ్బలు కొట్టాలి. అది వినగానే బయల్దేరబోతున్న మగవాడు చెప్పులు విడిచి లోపల కూర్చుని, ఆమె సందు దాటాక లేవాలి. వారం తిరిగేసరికి రెండు వరసల్లోనూ అందరికీ అలవాటైపోయింది. నా తెలివికి పొగడ్తలు కూడా వచ్చాయి, నేను పొంగిపోయాను.

ఒక పొద్దున్న నేను చెంబు కొట్టగానే అప్ప గుమ్మంలో ఆగిపోయింది. ఒక కాలు బయట, ఒక కాలు లోపల. నా వైపు చూసింది. నేను గబుక్కున కూర్చుని, చింతపండు పెట్టి ఆ చెంబు తోమడం మొదలుపెట్టాను, తళతళలాడుతున్న చెంబును. ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ రోజు మగవాళ్ళంతా వెళ్ళేదాకా రాలేదు, షెడ్డుకు ఆలస్యంగా వెళ్ళింది, మర్నాడూ అంతే. మూడో రోజునుంచి పెరటి దారి పట్టింది.

క్వార్టర్ల పెరటి గోడలో ఒక కంత ఉండేది. కంత అవతల యార్డు, ఆరేడు వరసల పట్టాలు, వాటి మీద ఎప్పుడు కదులుతాయో తెలియని గూడ్సు పెట్టెలు. అవి దాటితే షెడ్డు దగ్గరే, వేళకు చేరిపోవచ్చు, కాకపోతే నిలబడ్డ పెట్టెల కిందనుంచి వంగి దూరాలి. మా పెరట్లో బట్టలు ఆరేస్తూ నేను ఆమెను రోజూ చూసేదాన్ని. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ముందు టిఫిను డబ్బా అవతలికి నెట్టి, తర్వాత తను వంగి దూరేది. పట్టాల మీద మా మగవాళ్ళకు ఏమీ కాకూడదని ఒక ఆడమనిషిని పట్టాల మీదికి తోలామని నాకు తట్టలేదా అంటే, తట్టింది. తట్టినా "పోన్లే, సందులోకి రావడం తప్పింది" అనుకున్నాను. ఇన్నేళ్ళయినా ఆ "పోన్లే" తలుచుకుంటే నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

ఆ చలికాలంలో, మంచు బాగా పట్టిన ఒక పొద్దున్న, అప్ప పెట్టె కింద ఉండగా షంటింగు మొదలై పెట్టెలు కదిలాయి. ఎడమ కాలు మడమ పైదాకా పోయింది. కేకలు విని ముందుగా పరుగెత్తి, ఆమెను చేతుల మీద ఎత్తుకొచ్చింది మావారే, ఆరోజు డ్యూటీకి బయల్దేరుతూ ఉన్నారు. ఆస్పత్రిలో దించి, చొక్కా అంతా రక్తంతో ఇంటికి వచ్చి, నాతో ఒకే మాట అన్నారు, "రేపట్నించి నువ్వు బిందె పట్టుకుని రావొద్దు." మర్నాడు కూడా నేను బిందె నింపుకుని ఎదురొచ్చాను. ఆయన తల దించుకుని పక్కనుంచి వెళ్ళిపోయారు.

కుళాయి దగ్గర ఆడవాళ్ళం చేరినప్పుడు ఒక పెద్దావిడ "సూసేరా, దాని జాతకమే అంత. ఆకరికి దాన్నే తినీసింది" అంది. అందరూ తలలు ఊపారు, నేనూ ఊపాను. మేమే తోసిన దారిలో పోయిన కాలు మా నమ్మకానికే సాక్ష్యమైపోయింది. అంతకంటే ఘోరం ఒకటుంది, అది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ మాట విన్నప్పుడు నాకు గుండెల్లో కాస్త తేలికైంది. గండమేదో ఆమె మీదుగా పోయింది, మా ఇంటికి రాలేదు అనిపించింది. మా అమ్మాయిని కన్నరోజున నా చెయ్యి పట్టుకుని కూర్చున్న మనిషి గురించి నేను అలా అనుకున్నాను.

విచారణకు వచ్చినవాళ్ళు ఆస్పత్రిలో అడిగినప్పుడు నేను జావగిన్నెతో అప్ప మంచం పక్కనే ఉన్నాను. మంచి దారి ఉండగా పట్టాల మీద ఎందుకు వెళ్ళావన్నారు. "దగ్గర దారని ఎల్లేను బాబూ, తప్పు నాదే" అంది, నా వైపు చూడకుండా. అప్పుడైనా నోరు విప్పి ఉండవలసింది. జావ చల్లారిపోతోందని అన్నాను, అంతే. దయగల అధికారి ఎవరో కూర్చుని చేసే పని ఇప్పించారు గనుక ఉద్యోగం నిలిచింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నేను ఆమెకు కూరలు పంపాను, ఆమె కూతురికి జడలు వేశాను, పరీక్షలకు చదివించాను, ఆ ఒక్క మాట తప్ప అన్నీ చేశాను. రిటైరయ్యాక అప్ప లాల్‌ఖదాన్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. మావారు కూడా రిటైరై, కొన్నేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం భోంచేసి కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. ఆ రోజు ఎవరూ తుమ్మలేదు, ఎవరూ ఎదురు రాలేదు.

కుక్క మొరిగిన మర్నాడే నేను ఆటో కట్టించుకుని లాల్‌ఖదాన్ వెళ్ళాను. అప్ప కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని మెంతికూర వలుస్తోంది, బాగా చిక్కిపోయింది, పెట్టుడుకాలు విప్పి మంచానికి ఆనించి ఉంది. నన్ను చూసి "ఏటే, ఇన్నాళ్ళకి గుర్తొచ్చేనా?" అని తన పక్కన చోటు చూపించింది. నేను కూర్చోకుండానే మొత్తం కక్కేశాను, చెంబు సంగతి, ఆ ఆలోచన ఎవరిదో, పెరట్లోనుంచి రోజూ చూసి కూడా ఊరుకోవడం, అన్నీ. ఏడ్చాను కూడా.

ఆమె కూర వలవడం ఆపలేదు. "ఓసి పిచ్చిదానా, చెంబు కొట్టీది నువ్వేనని నాకు తెల్దేటి? మొదటిరోజే తెల్సు" అంది. మరి నన్ను ఎందుకు తిట్టలేదు అప్పా అంటే, "ఏటని తిడతాను? మా ఆయన బతికున్నప్పుడు నాను మాత్రం సూసుకునీదాన్ని కానా, మొగుడు పోయిన మూలింటి పిన్ని ఎదురొచ్చీస్తాదేమోనని. మీ ఆయన నుదురు చీలిన రోజున ఎంత ఏడ్సేనో నీకు తెల్దు. నా వల్లే అయిందనుకున్నాను. నీ పసుపూ కుంకుమా సల్లగుండాలనే అటు ఎల్లీదాన్ని. పోనీలేవే, గండమేదో నా కాలుతో పోయింది. మీ ఆయన నిండుగా బతికి ఎల్లిపోనాడు కదా, నాకది సాలు" అంది.

కాలు పోయిందని బాధపడటం కాదు, ఆ కాలు నా మొగుడి ప్రాణం కాపాడిందని ముప్పై ఏళ్ళకు పైగా ఆమె తృప్తిగా ఉంది! ఆమె కూడా మాలాగే నమ్మింది, కాకపోతే మేము ఆ నమ్మకంతో ఆమెను తప్పించుకున్నాం, ఆమె ఆ నమ్మకంతో మమ్మల్ని కాపాడింది. నేను కుర్చీ దగ్గరగా లాక్కుని, కప్లింగు పాతబడి తెగింది అప్పా, గేదెలు ఎప్పుడూ పడుతూనే ఉంటాయి అప్పా, అని చెప్పాను. మనవరాలు చెప్పిన అడవి కథ, లక్షల ఏళ్ళ కథ, నాకు వచ్చినట్టు చెప్పాను. ఆమె మధ్యమధ్య "అచ్ఛా, అచ్ఛా" అంటూ, మారాం చేసే చిన్నపిల్లను ఊరుకోబెట్టినట్టు నా వీపు నిమురుతూ విన్నది. అంతా విని "సరే గానీ, అన్నం తినీసి ఎల్లు" అంది.

ఆ క్వార్టర్లు ఇప్పుడు చాలావరకు పడగొట్టేశారు. డ్యూటీ కబురు సెల్‌ఫోన్‌కే వస్తుంది, డ్రైవర్లు మోటారు సైకిళ్ళ మీద రయ్యిన వెళ్ళిపోతారు, వాళ్ళ పెళ్ళాలు కూడా తమ తమ ఉద్యోగాలకు వెళ్ళిపోతారు, ఎవరికి ఎవరు ఎదురొచ్చారో చూసే తీరిక ఎవరికీ లేదు. ఇన్ని మారినందుకు నాకు సంతోషమే, మన తరం పట్టుకు వేళ్ళాడిన చాలా చెత్త మనతోనే పోతుందని ధైర్యంగా కూడా ఉంటుంది. భోంచేసి నేను లేచి, వెళ్ళొస్తానని చెప్పులు తొడుక్కుంటుంటే, అప్ప తన కూతుర్ని పిలిచి, "ఓలే, గలాసుడు నీళ్ళట్టుకుని పిన్నికి ఎదురెల్లవే, బయల్దేరుతోంది" అంది. అని, ఊతకర్ర అందుకుని, ఒంటికాలి మీద కుంటుకుంటూ లోపలి గదిలోకి వెళ్ళి, నేను గేటు దాటేదాకా బయటికి రాలేదు.